టిప్పిచ్చే పద్ధతి

హోటల్ గది బాత్రూములో, చేతులు కడుక్కునే సింకు ముందు నిలబడి, ఆమె సూపు గిన్నె తోముతోంది. పీచు లేదు కాబట్టి, పళ్ళు తోముకోమని హోటలువాళ్ళు పెట్టిన బ్రష్షు విప్పింది. గిన్నెల సబ్బు లేదు కాబట్టి, గులాబీ వాసనొచ్చే చేతి సబ్బు వాడింది. సింకు మరీ చిన్నది. పెద్ద ప్లేటు అందులో పట్టక, ముందు సగం, తర్వాత సగం తిప్పి తిప్పి కడగాల్సి వచ్చింది. ఫోర్కు సందులు బ్రష్షుతో తోమింది. గ్లాసులో వేళ్ళు పెట్టి అడుగు దాకా తిప్పింది. అన్నిటినీ చిన్న తువ్వాలుతో తుడిచి, పెద్దదాని మీద చిన్నది పేర్చి, చెంచాలు ఒకే వైపు తలలు ఉండేలా సర్ది, ట్రే తీసుకెళ్ళి తలుపు బయట పెట్టింది. ఇందులో వింతేముందో ఆమెకి తోచలేదు. తిన్నది, కాబట్టి కడిగింది.

ఆమె భూముల సర్వే ఆఫీసులో నక్షాలు గీస్తుంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. గీతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటితో పట్టేస్తుందని ఆఫీసంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న నోటితోనే, మీటింగులో టీ వచ్చినప్పుడు, "అమ్మా, అందరికీ కాస్త అందించు" అంటుంది. ఇప్పుడు నక్షాలు కంప్యూటర్లో గీయాలట. నేర్చుకోమని ఆరుగురిని ఈ ఊరికి నాలుగు రోజుల శిక్షణకి పంపారు. ఐదుగురు మగవాళ్ళు గదులు పంచుకున్నారు. ఆమె ఒక్కతే ఆడమనిషి కాబట్టి, ఆమె ఒక్కదానికే ఒక గది వచ్చింది. "మహారాణివమ్మా నువ్వు!" అని చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు లిఫ్టులో అందరినీ నవ్వించారు.

మహారాణి గదిలో అన్నీ రెండేసి ఉన్నాయి. రెండు దిళ్ళు, రెండు తువ్వాళ్ళు, రెండు కప్పులు, కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీలు. పెళ్ళయ్యాక ఆమె ఒంటరిగా ఒక గదిలో పడుకోబోవడం ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉంటుందో అని నెల రోజులుగా లోలోపల మురిసిపోయింది. తీరా వచ్చి తలుపు వేసుకున్నాక, ఎటు చూసినా ఎవరో రావాల్సినట్టే ఉంది. ఇంటి నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఒకసారి గీజరు స్విచ్చి ఏదని, ఒకసారి అత్తగారి మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయని. చేరావా అని ఎవరూ అడగలేదు. చేరబట్టే కదా ఫోనెత్తింది అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

కింద డైనింగు హాల్లో మగవాళ్ళ మధ్య కూర్చోబుద్ధికాక, గదికే భోజనం తెప్పించుకుందామనుకుంది. అనుకోగానే గుండెల్లో రాయి పడింది. గదికి తెచ్చినవాళ్ళకి టిప్పివ్వాలి. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ టిప్పిచ్చి ఎరగదు. ఇచ్చేవాడు ఇంట్లో ఒకడున్నాడుగా.

ఆమె భర్త సంగతి చెప్పాలి. టిప్పుల విషయంలో ఆయన చేతికి ఎముక లేదు. ఏ హోటలుకి వెళ్ళినా వెయిటర్లు ఆయన బల్ల దగ్గరికి పోటీలుపడి వస్తారు. ఆయన ఊరికే డబ్బు పడేసే రకం కాదు, ఆయనకో పద్ధతి ఉంది. ఆ పద్ధతిని స్నేహితులకి, వాళ్ళ భార్యలకి, పెళ్ళిభోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళకి ఎన్నోసార్లు బోధించాడు. "టిప్పు బల్ల మీద పారేసి రాకూడదు, చేతికివ్వాలి. ఇచ్చేటప్పుడు మనిషి కళ్ళలోకి చూడాలి. పేరడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకిస్తున్నామో నోటితో చెప్పాలి. పాపం, వాళ్ళు పొద్దున్నుంచీ కాళ్ళ మీద నిలబడతారు. మనిషికి డబ్బుకన్నా గుర్తింపు ముఖ్యం." ఇలా చెబుతున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే ఆర్ద్రంగా ఉంటుంది. వినేవాళ్ళు ఆమె వైపు తిరిగి, "ఎంత మంచి మనసమ్మా మీ ఆయనది" అంటారు. ఆమె తలూపుతుంది. అబద్ధం కాదు కదా.

అంత మంచి మనసూ ఇంటి గుమ్మం బయటే చెప్పులతోపాటు ఆగిపోతుంది. ఇంట్లో ఆయన భోజనం ముగిసిందనడానికి గుర్తు, కంచాన్ని రెండంగుళాలు ముందుకి తోయడం. తోసి లేస్తాడు. ఉప్పు ఎక్కువైతే మాట వినబడుతుంది, సరిపోతే వినబడదు. పెళ్ళయిన కొత్తలో ఉండబట్టలేక, "ఎలా ఉందండీ?" అని అడిగింది. "బాలేకపోతే చెబుతాను కదా" అన్నాడాయన. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళలో ఆమె మళ్ళీ అడగలేదు. అత్తగారిది మరో బాణీ. "నేను కాపురం చేసినన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎంగిలి కంచం ఎండలేదమ్మా, నువ్వూ ఎండనివ్వకు" అని కాపురానికొచ్చిన మూడో రోజున చెప్పింది. ఒకసారి ఆమెకి ఒళ్ళు కాలిపోయే జ్వరమొచ్చి మూడు పూటల గిన్నెలు సింకులో పేరుకుంటే, భర్త మంచం దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యివేసి, "తొందరేం లేదు, ఓపికొచ్చాకే కడుగులే" అన్నాడు. అప్పుడు ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత ప్రేమ అనుకుంది. అలా అనుకున్నందుకు ఈనాటికీ ఆమెకి తన మీద తనకే కోపం.

సరే, భోజనం చెప్పింది. తెచ్చిన మనిషి యాభై దాటిన ఆడమనిషి. మెరూన్ కోటు, తెల్ల చేతితొడుగులు, ఒక కాలు కాస్త ఈడుస్తున్న నడక. ఆమె ట్రే అందుకోబోతే ఆవిడ గాభరాపడింది. "అయ్యో, మీరు కూర్చోండమ్మా!" అంటూ కిటికీ దగ్గరి బల్ల మీద గుడ్డ పరిచింది. సూపు, రొట్టె, ఉడికించిన కూరలు, మూత తీస్తే పొగలు కక్కే అన్నం ఒక్కొక్కటే పెట్టింది. "వేడిగా ఉన్నప్పుడే తినండమ్మా, చల్లారితే బాగుండదు" అంది.

ఎంత మాట! రోజుకి మూడుసార్లు చొప్పున ఇన్నేళ్ళుగా ఆమె ఆ మాట అందరికీ చెబుతూ వచ్చింది. తనతో ఒకరు అనడం ఈ రోజే వింది. సూపు వంక చూస్తూ కూర్చుండిపోయింది. ఆవిడ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, టిప్పు. లేచి, పర్సులోంచి భర్త ఇచ్చేంత పెద్ద నోటే తీసి, ఆయన పద్ధతి ప్రకారమే ఆవిడ చేతికిచ్చింది. కళ్ళలోకి చూసింది. పేరడిగింది.

"అందరూ చిన్నక్క అంటారమ్మా."

"చిన్నక్కా, ఇదెందుకంటే..." అని మొదలుపెట్టింది. భర్తకైతే ఇక్కడ మాటలు గలగలా వచ్చేవి. ఆమెకి రాలేదు. "వేడిగా తినమన్నారు కదా, అందుకు" అంది చివరికి. చిన్నక్క నోటు వంకా ఆమె వంకా చూసి, "పిచ్చితల్లీ" అన్నట్టు నవ్వి, తిన్నాక ట్రే తలుపు బయట పెట్టేస్తే తాను తీసుకెళ్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె కడుపునిండా తిన్నది. సూపు ఎంత బావుందో చెప్పడానికి ఎదురు కుర్చీలో ఎవరూ లేరు. ఆ తర్వాత లేచి ప్లేట్లు కడిగిన సంగతి చూశాం.

మర్నాడు పొద్దున్న ఫలహారం తెచ్చింది చిన్నక్క కాదు, మీసాల పెద్దాయనొకడు. చిన్నక్కకి సెలవా అని ఆమె అడిగింది. పెద్దాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీ ట్రే వల్లే వచ్చిందమ్మా తంటా. మాకు చేతికొచ్చిన టిప్పంతా కింద డబ్బాలో వేయాలి, అందరం పంచుకుంటాం. చిన్నక్క అంత పెద్ద నోటు వేసింది. అదే సమయానికి మీ ప్లేట్లు వంటింట్లోకి తళతళలాడుతూ వెళ్ళాయి. ఇంకేముంది? గెస్టు గదిలో అడ్డమైన చాకిరీ చేసి టిప్పు గుంజిందన్నారు. మాకది పెద్ద నేరం. నేను కడగలేదు మొర్రో అని ఆవిడ మొత్తుకుంటే, మరెవరు కడిగారన్నారు. గెస్టమ్మే కడిగి ఉంటుంది అంది. అందరూ పడీపడీ నవ్వారు."

"ఇప్పుడెక్కడుంది?"

"కింద లాండ్రీలో వేశారు. ఆ కాలుతో తడి దుప్పట్లు మొయ్యలేదు పాపం. సాయంత్రానికి పైవాళ్ళు తేలుస్తారట, ఉంచేదీ తీసేసేదీ."

ఇన్నేళ్ళూ ఎవరికీ కనబడని పని, ఇవాళ కనబడి ఒక మనిషి కూడుకి ఎసరు పెట్టింది. ఏం చేయాలో తోచనప్పుడు చేసే పనే ఆమె చేసింది. భర్తకి ఫోను చేసింది.

"హోటల్లో ప్లేట్లు కడిగావా?" అన్నాడాయన. చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక గొంతు మారింది. "ఇప్పుడు కిందికెళ్ళి ఆ మాట చెప్పకు. మీ ఆఫీసు మగాళ్ళంతా అక్కడే ఉంటారు. నువ్వు ఉద్యోగానికొచ్చావనుకుంటారా, పాచిపనికొచ్చావనుకుంటారా? నాకూ తలవంపులే. అంత జాలిగా ఉంటే వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఇంకో నోటు పెట్టు. కళ్ళలోకి చూసి రెండు మంచి మాటలు చెప్పు. అదే మర్యాద."

ఫోను పెట్టేశాక ఆమె మంచం అంచున కూర్చుంది. ఆయన చెప్పింది ఎంత తేలిక! నోటిచ్చి కళ్ళలోకి చూస్తే సరిపోతుంది. తలవంపుల మాట కూడా నిజమే, తలుచుకుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. కాని ఆ మనిషి తడి దుప్పట్లు మోస్తోంది. అదీ తను చేసిన పనికి. తన పని ఇంకొకరి లెక్కలో పడటం, చేసినదాన్ని చేయలేదనుకోవడం, అంతా నవ్వడం, ఇవన్నీ ఆమెకి బాగా తెలిసినవే. ఇటు వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు, అంతే. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కిందికి వెళ్ళింది.

సూపర్‌వైజరు కూడా ఆడమనిషే. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కళ్ళకింద నిద్రలేమి. ప్లేట్లు కడిగింది తనేనని ఆమె చెప్పిందంతా ఆవిడ నిలబడే వింది. తర్వాత, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"మీది మంచి మనసు మేడమ్. చిన్నక్క మీద జాలితో అంటున్నారు. ఆ ప్లేట్లు నేను చూశాను. గెస్టు కడిగితే ఏదో నీళ్ళ కింద పెట్టి తీసినట్టుంటుంది. ఫోర్కు సందులు తోమి ఉన్నాయి. గ్లాసు అడుగున మరక లేదు. చెంచాలన్నీ ఒక వైపే పేర్చి ఉన్నాయి. అది చెయ్యి తిరిగిన పని. జీతానికి చేసే మనిషి పని."

"జీతం లేకుండా చేసే మనిషి పని" అంది ఆమె.

అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. పక్కనే డైనింగు హాలు తలుపు తీసే ఉంది. టీకప్పుతో అటుగా వచ్చిన చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు ఆగి, "ఏంటమ్మా, ఇక్కడా డ్యూటీయేనా?" అన్నారు. వెనక బల్లల దగ్గర కిసుక్కుమన్నారు. ఆమె మొహం మండిపోయింది. ఒక్క క్షణం, ఏదో పొరపాటండీ అని గదికి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళిపోతే ఎవరూ ఏమీ అనరు కూడా. కాని సూపర్‌వైజరు నవ్వలేదు. ఆమెనే చూస్తోంది.

"చేతి సబ్బుతో కడిగాను" అంది ఆమె, అందరికీ వినబడేలాగే. "మీరు పెట్టిన పళ్ళబ్రష్షుతో తోమాను, అది చెత్తబుట్టలో ఉంది. చిన్న తువ్వాలుతో తుడిచాను. దాని మీద టమాటా మరక ఉంటుంది, చూసుకోండి. పెద్ద ప్లేటు మీ సింకులో పట్టదు. సగం సగం తిప్పి కడగాలి. చిన్నక్కకి ఆ సంగతి తెలుసేమో అడగండి."

సూపర్‌వైజరు ఫోనెత్తి ఎవరితోనో మాట్లాడింది. అయిదు నిమిషాలకి మీసాల పెద్దాయన బ్రష్షు, తువ్వాలు పట్టుకుని వచ్చాడు. ఆవిడ తువ్వాలు మరక వైపు చాలాసేపు చూసి, సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

"నేను నమ్ముతున్నాను మేడమ్. పైవాళ్ళకి కాగితం కావాలి. ఏం జరిగిందో ఇక్కడ రాయండి. కింద ఈ గడిలో కారణం." ఆగి, కాగితంతో పని లేనట్టుగా తనే అడిగింది. "అసలు ఎందుకు కడిగారు మేడమ్?"

ఆమె నోరు తెరిచింది. అలవాటు అనబోయింది. పళ్ళు తోముకోవడం అలవాటు, ఇది అలాంటిది కాదు. తనకి శుభ్రమంటే ఇష్టం అనబోయింది. ఇష్టమని ఎవరు చెప్పారు? గిన్నెలు తోమడం ఇష్టమో కాదో ఇంతకాలం తనకే తెలియదని ఆ నిమిషాన తెలిసింది. కలం తీసుకుని కూర్చుంది. నక్షాలు గీసే చెయ్యి, గడి దాటి అక్షరం పోనివ్వదని పేరు. ఆ రోజు కారణం గడి నిండి, పక్క అంచుల్లోకి కూడా పోయింది. సూపర్‌వైజరు ఒకసారి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. మడిచి కవర్లో పెట్టి, "సాయంత్రం చిన్నక్క మీ అంతస్తుకే వస్తుంది" అంది. ఆమె వైపు చూడకుండానే అంది.

ఆ రోజు శిక్షణలో ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. కూర్చుని ఏం మాట్లాడాలో వాళ్ళకి తెలియలేదు కాబోలు. మధ్యాహ్నం టీ వచ్చినప్పుడు అలవాటుగా అందరూ ఆమె వైపు చూశారు. ఆమె తన కప్పు తను తెచ్చుకుని కిటికీ దగ్గర నిలబడి తాగింది. టీ బావుందిగాని, ఆ నిలబడటంలో ఒంటరితనం మామూలుగా లేదు. మగవాళ్ళతో నవ్వుతూ టీ అందించిన రోజుల్లో కనీసం ఎవరో ఒకరు, "పంచదార తక్కువైందమ్మా" అనేవారు.

సాయంత్రం పొద్దు ఉండగానే చిన్నక్క ట్రేతో వచ్చింది. కాలు నిన్నటికన్నా ఎక్కువ ఈడుస్తోంది. బల్ల మీద గుడ్డ పరవడానికి ఆమె లేవబోతే, "కూర్చోండి తల్లీ! మళ్ళీ నన్ను దుప్పట్ల దగ్గరికి పంపేలా ఉన్నారు" అంది. ఇద్దరూ నవ్వారు. ఆమె పర్సు తీయబోతే చిన్నక్క చెయ్యి అడ్డుపెట్టింది. "చేతికి వద్దమ్మా. బిల్లు మీద కింద గీత ఉంటుంది, అక్కడ రాసేయండి. అందరికీ వస్తుంది, ఎవరూ నన్ననరు." భర్త పద్ధతిలో ఈ సంగతి లేదు. ఆమె బిల్లు మీద రాసింది.

"మీరు రాసిన కాగితం మాకు చదివి వినిపించిందమ్మా సూపర్‌వైజరమ్మ, వంటింట్లో అందరికీ" అంది చిన్నక్క. ఎదురు కుర్చీలో కాసేపు కూర్చోమని అడగాలని ఆమె నోటిదాకా వచ్చింది. గెస్టుల గదిలో కూర్చుంటే ఆవిడకి అదో నేరమవుతుందని గుర్తొచ్చి ఊరుకుంది. "వేడిగా తినండి" అని చెప్పి చిన్నక్క తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళింది. ఆ మనిషి అలా వెళ్ళిపోయినందుకు ఆమెకి ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చింది. చూసేవాళ్ళెవరని?

సగం తిన్నాక ఫోను మోగింది. భర్త.

"పొద్దుటి గొడవేమైంది? కిందికి వెళ్ళలేదు కదా?"

"వెళ్ళానండీ."

"వెళ్ళావా! ఏం చెప్పావు?"

"చెప్పడం కాదు, రాసిచ్చాను."

"రాతపూర్వకంగానా? సంతకంతోనా?" ఆయన గొంతు పెరిగింది. "ఏం రాశావు?"

కాగితం ఆమె దగ్గర లేదు. అయినా ఒక్క అక్షరం మరిచిపోలేదు. నెమ్మదిగా, నక్షా కొలతలు చదివే గొంతుతో చెప్పింది.

"ప్లేట్లు కడిగింది నేనే. చిన్నక్క కడగలేదు, నన్ను కడగమని అడగలేదు. తిన్న కంచం తీసేవాళ్ళు లోకంలో ఉంటారని నాకు తెలుసు. నాక్కూడా ఉంటారని తెలియదు. ఇరవై నాలుగేళ్ళుగా మా ఇంట్లో అందరి కంచాలూ నేనే తీసి కడుగుతున్నాను. నా వంట బావుందని ఒక్కరూ అనలేదు, ఈ పూటకి నువ్వు కూర్చో అని ఒక్కరూ అనలేదు. నాకు కూర్చోవడం రాదు. అందుకని కడిగాను."

ఆయన కోపంగా కాదు, నిజంగా దెబ్బతిన్న మనిషిలా మాట్లాడాడు.

"ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదు. ఎవరో హోటలువాళ్ళకి చెప్పావా?"

"వాళ్ళు అడిగారండీ" అంది ఆమె.